ఇంక్యుబేటరులో పెంకు చీల్చలేని కోడిపిల్ల: సహాయం ఎప్పుడు, ఎంతవరకు?

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అబిడ్స్, నాంపల్లి వంటి ప్రాంతాలలో కోళ్ల పెంపకానికి పెరడు దొరకదు. డాబాపైనో, ఇంటిలోని ఒక మూలనో ఉంచిన చిన్న ఇంక్యుబేటరే పొదుగు కోడి స్థానాన్ని తీసుకుంటుంది. ఇట్టి యంత్రాలలో ఇరవై ఒకటవ రోజున తరచుగా ఎదురయ్యే సమస్య ఒకటున్నది: గుడ్డుకు చిన్న రంధ్రం పడుతుంది, లోపలి నుండి కూత వినిపిస్తుంది, కాని గంటలు గడచినా పిల్ల బయటకు రాదు. ఆ సమయంలో జాలితో పెంకు ఒలిచినందువల్ల మరణించే పిల్లలు కొన్ని, చేయి వేయనందువల్ల మరణించే పిల్లలు మరికొన్ని. ఈ రెండింటి మధ్య భేదాన్ని గుర్తించాలంటే గుడ్డు లోపల జరిగే క్రమాన్ని ముందుగా తెలుసుకోవాలి.

పిల్ల వెలువడే క్రమం

పెంకు లోపలి పొరలను అంటి వ్యాపించిన రక్తనాళాల ద్వారానే పద్దెనిమిదవ రోజు వరకు పిండానికి ప్రాణవాయువు అందుతుంది. పంతొమ్మిది, ఇరవై రోజుల నడుమ పిల్ల ముక్కుతో లోపలి పొరను చీల్చి గాలి గదిలోనికి ప్రవేశించి, ఊపిరితిత్తులతో శ్వాసించడం ఆరంభిస్తుంది. గాలి గదిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినకొద్దీ మెడ కండరాలు కుదుపునకు లోనై, పైముక్కు కొనపై ఉండే గుడ్డు పన్ను పెంకును ఛేదిస్తుంది.

రంధ్రం పడిన తరువాత పిల్ల పన్నెండు నుండి పద్దెనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు ఇరవై నాలుగు గంటలు కదలిక లేనట్లు ఉండవచ్చు. ఇది అలసట కాదు. పొరలలోని రక్తం పిల్ల శరీరంలోనికి తిరిగి చేరేదీ, మిగిలిన పచ్చసొన సంచి బొడ్డు ద్వారా కడుపులోనికి ఇమిడేదీ ఈ వ్యవధిలోనే. అటుపిమ్మట పిల్ల గుడ్డు వెడల్పు కొన వైపు నుండి చూస్తే అపసవ్య దిశలో తిరుగుతూ పెంకును వలయాకారంగా కోసి, టోపీవలె నెట్టివేస్తుంది. విరామ సమయంలో పెంకు ఒలిస్తే సజీవమైన నాళాలు తెగి రక్తస్రావం జరుగుతుంది. సొన సంచి బయటనే నిలిచిపోతుంది.

పిల్ల చిక్కుకొనుటకు కారణాలు

మొదటి కారణం తేమలోపం. వర్షాకాలంలో సైతం మన గాలి ఇంక్యుబేటరుకు పొడిగాలే. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 శాతం తేమ గల గాలి 37.5 డిగ్రీలకు వేడెక్కినప్పుడు దాని తేమ సుమారు 44 శాతానికి పడిపోతుంది. 20 డిగ్రీల వద్ద 50 శాతం తేమ గల శీతకాలపు గాలి అయితే 18 శాతానికి దిగుతుంది. తొలి పద్దెనిమిది రోజులు 50–55 శాతం, చివరి మూడు రోజులు 65–70 శాతం తేమ అవసరం. తడి బల్బు ఉష్ణమాపకంపై ఇవి సుమారు 29, 32 డిగ్రీలుగా కనిపిస్తాయి. చివరి రోజులలో మాటిమాటికీ మూత తెరిస్తే తేమ వెలుపలికి పోయి, పొర కాగితంవలె ఎండి పిల్లను బిగించివేస్తుంది.

రెండవది అధిక తేమ. గుడ్డు పద్దెనిమిదవ రోజుకు తన బరువులో 11–13 శాతం కోల్పోవాలి. 50 గ్రాముల గుడ్డు సుమారు 44 గ్రాములకు తగ్గాలి. అంత తగ్గకపోతే గాలి గది చిన్నదై, పిల్ల ఉబ్బి, జిగురుతో అంటుకొని ఉంటుంది.

మూడవది రవాణా. రైలులో నాంపల్లి స్టేషనుకు గాని, బస్సులో గాని కుదుపులతో చేరిన గుడ్లలో గాలి గది సడలిపోవచ్చు. అట్టి గుడ్లను వెడల్పు కొన పైకి ఉండేటట్లు ఒక రోజు కదపకుండా ఉంచిన తరువాతనే యంత్రంలో పెట్టాలి. తల సన్నని కొన వైపు ఉండడం వంటి తప్పుడు భంగిమలు నాల్గవ కారణం.

జోక్యం చేసుకొనవలసిన సందర్భాలు

రంధ్రం పడి ఇరవై నాలుగు గంటలు గడచినా పెంకు కోత మొదలు కాకపోవడం, కోత మొదలై అనేక గంటలపాటు మధ్యలో ఆగిపోవడం, రంధ్రం వద్ద పొర గోధుమరంగుకు మారి ఎండడం, కూత క్రమంగా క్షీణించడం: ఇవి సహాయం అవసరమనుటకు గుర్తులు. ముక్కు గాలి గదిలోనికి వచ్చినట్లు దీపపు వెలుగులో కనిపించి, ఒక రోజు దాటినా బయట రంధ్రం పడకపోతే, గాలి గది పైభాగాన సూదితో చిన్న రంధ్రం చేస్తే శ్వాసకు సరిపోతుంది.

సహాయం చేసే విధానం

గది కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చేతులు సబ్బుతో కడుగుకోవాలి. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీరు, దూది, తడిగుడ్డ సిద్ధం చేసుకొన్న తరువాతనే మూత తెరవాలి. గాలి గదిపై ఉన్న పెంకును మాత్రమే రంధ్రం నుండి చిన్న చిన్న పెచ్చులుగా తొలగించాలి. బయటపడిన పొరను దూదితో తడపాలి. ముక్కు రంధ్రాలలోనికి నీరు పోరాదు.

తడిసిన పొరలో ఎర్రని నాళాలు కనిపిస్తే అక్కడితో ఆపి, గుడ్డును తడిగుడ్డతో వదులుగా చుట్టి, ముక్కు వద్ద ఖాళీ ఉంచి, తిరిగి యంత్రంలో పెట్టాలి. నాలుగైదు గంటల తరువాత మరల చూడాలి. నాళాలు మాయమై పొర తెల్లగా ఉన్నప్పుడు ముక్కును, తలను మెల్లగా విడిపించాలి. శరీరపు దిగువ భాగాన్ని పెంకులోనే విడువాలి. చివరి నెట్టు పిల్లదే కావాలి. సొన సంచి బయట కనిపిస్తే లాగరాదు, కోయరాదు.

బయటపడిన పిల్లను ఈకలు ఆరే వరకు యంత్రంలోనే ఉంచాలి. కడుపులో ఇమిడిన సొన రెండు రోజులపాటు ఆహారంగా సరిపోతుంది కనుక తొందరపడి మేత పెట్టనవసరం లేదు. పచ్చిగా ఉన్న బొడ్డుకు పలుచని పోవిడోన్ అయోడిన్ అద్దాలి.

మూలకారణంపై దృష్టి

ఒక విడతలో ఒకటి రెండు పిల్లలు చిక్కుకొనడం సహజం. అనేకం చిక్కుకొంటే లోపం పిల్లలలో గాక నిర్వహణలో ఉన్నదని భావించాలి. పిల్లలన్నీ ఆలస్యంగా వెలువడితే ఉష్ణోగ్రత తక్కువైనదని, ముందుగానే పచ్చి బొడ్డుతో వెలువడితే ఎక్కువైనదని అర్థం. పొదగని గుడ్లను పగులగొట్టి చూసి, గాలి గది పరిమాణాన్ని, పిల్ల భంగిమను నమోదు చేసుకోవాలి. విద్యుత్తు పోయినప్పుడు మూత తెరవక, గాలి రంధ్రాలు మూయకుండా పైన కంబళి కప్పాలి.

రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాల గుడ్లైనా, అసీల్ వంటి దేశవాళీ గుడ్లైనా ఈ నియమాలు ఒక్కటే. సహాయంతో వెలువడిన పిల్లలకు గుర్తు వేసి, వాటిని సంతానోత్పత్తికి గాక గుడ్లకు, మాంసానికి మాత్రమే ఉంచుకొనడం మేలు. పెంపకందారు చేతి నైపుణ్యం కన్నా చివరి మూడు రోజులు మూత తెరవని నిగ్రహమే ఎక్కువ పిల్లలను బ్రతికిస్తుంది.