ఉఱుముల పిదప వడగాలి

వేసవిలో తెనాలి, రేపల్లె ప్రాంతములయందు ఒక సాయంకాలము ఉఱుములతో వాన కురిసి, కొలది దినములకే వడగాలి వీచుట మనమెఱుగుదుము. బంగాళాఖాతపు తేమగాలి కాగిన నేలపై వేడెక్కి, పైకెగసి, చల్లబడి ఉఱుముల మేఘమగును. పిమ్మట పడమటి పొడిగాలి బలపడినచో, అది దక్కను పీఠభూమినుండి దిగుచు, ఒత్తిడి హెచ్చుటచే వేయి మీటర్లకు సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కి, సముద్రపు గాలిని అడ్డగించును. అప్పుడు కడలి చెంతనున్న బాపట్లకును ఉపశమనము లేదు.

2015 మే నెలలో ఇట్టి వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములయందు 1,500 మందికి పైగా మరణించిరి. వారిలో కూలివారును వృద్ధులును అనేకులు. కావున విద్యార్థులారా, వాన వెలిసిన చల్లదనమును నమ్మి ఏమరకుడని మేము హెచ్చరించుచున్నాము. పడమటి గాలి వీచునాడు మధ్యాహ్నము నీడపట్టున నుండుడు. దప్పి కలుగకమునుపే నీరు, ఉప్పు కలిపిన మజ్జిగ త్రాగుడు. ఎండలో పనిచేయువారికిని ఇయ్యుడు.