చంద్రమతి తాళి

నాంపల్లి లలిత కళా తోరణమున గాని, పల్లె పందిరిలో గాని, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881-1953) హరిశ్చంద్ర నాటకమాడినపుడు ప్రేక్షకులు వేచియుండునది కాటిసీను కొరకు.

పాముకాటున మరణించిన లోహితాస్యుని ముందుంచుకొని చంద్రమతి విలపించును. కాటిసుంకమునకు ఆమె చేత కాసు లేదు. తాళినమ్మి తెమ్మని కాపరి పలుకును. ఆ తాళి భర్తకు దక్క అన్యులకు కనబడదు! ఆ మాటతోనే ఆమె పతిని గుర్తించును.

రాజా రవివర్మ (1848-1906) హరిశ్చంద్ర కథను చిత్రించెను. ఈ ఘట్టము చిత్రకారునకు కఠిన పరీక్ష. తాళిని వ్రాసినచో చూపరులకు భర్త కన్నులిచ్చినట్లగును. వ్రాయనిచో పరుల కన్నులిచ్చినట్లగును. రేడియోలో ఈ చిక్కు లేదు, మాట చాలును.

మరియొక భేదమును శ్రోతలు గమనింపవలెను. నాటకాంతమున బిడ్డ లేచును, తల్లి కన్నీరు ఆరును. పటములోని తల్లికి తెర పడదు.