నేత్ర గుర్తింపు ఆటోఫోకస్

నేత్ర గుర్తింపు ఆటోఫోకస్ అనగా ఎదుటి వ్యక్తి కంటిని కెమెరా తనంతట తానే గుర్తించి, కటకాన్ని ఆ కంటిపై ఫోకస్ చేసే విధానం. దీనిని ఐ ఏఎఫ్ అని కూడా అంటారు. మిర్రర్‌లెస్ కెమెరాలతో పోర్ట్రెయిట్లు తీయుటలో ఇది విరివిగా వాడబడుతోంది. కానన్ ఈఓఎస్ 5 (1992) కెమెరాలో ఛాయాచిత్రకారుని కన్ను ఎటు చూస్తున్నదో కనిపెట్టి ఫోకస్ చేసే ఏర్పాటు ఉండేది. అది వేరు, ఇది వేరు.

ఆవశ్యకత

ముఖచిత్రంలో చెవి మసకబారినా ఎవరూ పట్టించుకోరు. కన్ను మసకబారితే మాత్రం ఆ చిత్రం సాధారణంగా పనికిరాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 మి.మీ. నాభ్యంతరం గల కటకం అమర్చి, ఎఫ్/1.4 వద్ద, 1.5 మీటర్ల దూరం నుండి తీసినపుడు స్పష్టంగా కనబడే లోతు సుమారు 2.5 సెం.మీ. మాత్రమే. ముక్కు కొనపై ఫోకస్ కుదిరితే కన్ను ఈ పరిధి దాటిపోతుంది.

ఎస్ఎల్ఆర్ కెమెరాలలో ఫోకస్ బిందువులు ఎక్కువగా చట్రం మధ్యభాగంలోనే ఉండేవి. అందువలన మధ్యబిందువుతో కంటిపై ఫోకస్ చేసి, పిదప కెమెరాను తిప్పి చిత్రాన్ని కూర్చుకొనేవారు. పైన చెప్పిన దూరంలో కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే చాలు, ఫోకస్ తలం కంటికి దాదాపు 2.3 సెం.మీ. వెనుకకు జరుగుతుంది.

పనిచేయు విధానం

ఎస్ఎల్ఆర్ కెమెరాలో అద్దం గుండా వచ్చిన కాంతిని ఫోకస్ కొరకు వేరొక సెన్సార్ కొలుస్తుంది. చిత్రం మాత్రం ప్రధాన సెన్సార్‌పై పడుతుంది. ఈ రెండు దూరాలలో స్వల్ప భేదమున్నా ఫోకస్ ముందుకో వెనుకకో తప్పుతుంది. 2008లో పానసోనిక్ లుమిక్స్ జి1తో మొదలైన మిర్రర్‌లెస్ పద్ధతిలో అద్దం లేదు. చిత్రాన్ని గ్రహించే సెన్సారే ఫోకస్‌ను కూడా కొలుస్తుంది కనుక ఆ భేదానికి తావు లేదు. పైగా దృశ్యమంతా ఎడతెగక సెన్సార్‌పై పడుతూ ఉండుటచే, అందులో ముఖాన్నీ కంటినీ వెదకుట సాధ్యమైనది. 2019లో సోనీ సంస్థ జంతువుల కళ్ళను గుర్తించే సదుపాయాన్ని కూడా కల్పించింది.

ఖచ్చితత్వము, పరిమితులు

గుర్తింపు, ఫోకస్ అనునవి రెండు వేర్వేరు పనులని గ్రహించవలెను. తెరపై కంటి చుట్టూ కనబడే చిన్న చతురస్రం కన్ను దొరికినదని మాత్రమే తెలుపుతుంది. కనుపాపపై ఫోకస్ కుదిరినదనుటకు అది హామీ కాదు. కొత్తవారు చాలామంది పొరబడేది ఇక్కడే. కనురెప్పల వెంట్రుకలు, కళ్ళద్దాల అంచులు కంటికంటె ముందుండి, ఎక్కువ వెలుగునీడల తేడా కలిగి ఉండుటచే ఫోకస్ వాటిపై నిలిచిపోవచ్చు. కళ్ళద్దాలపై మెరుపు పడినా, జుట్టు కంటికి అడ్డు వచ్చినా, వెలుతురు తగ్గినా గుర్తింపే తప్పవచ్చు.

ఒకసారి ఫోకస్ చేసి ఆగే పద్ధతిలో, బటన్ నొక్కేలోగా వ్యక్తి రెండు సెంటీమీటర్లు ఊగినా ఫలితం చెడుతుంది. కాబట్టి మనిషిని ఎడతెగక అనుసరించే పద్ధతి మేలు. తీసిన చిత్రాన్ని తెరపై పూర్తిగా పెద్దది చేసి కనుపాపను పరిశీలించుట ఒక్కటే నమ్మదగిన పరీక్ష.

ముఖం పక్కకు తిరిగి ఉన్నపుడు కెమెరాకు దగ్గరగా ఉన్న కంటిని ఎంచుకొనుట వాడుక. కొన్ని కెమెరాలలో కుడి, ఎడమ కన్నులను ఎంచుకొనే వీలు కలదు. సోనీ కెమెరాలలో ఎడమ కన్ను అనగా ఆ వ్యక్తి ఎడమ కన్నే. తీసేవారికి అది కుడివైపున కనబడుతుంది.

ఇద్దరు వ్యక్తులు ముందు వెనుకలుగా నిలిచినపుడు ఈ విధానం ఒకరి కంటిపైనే ఫోకస్ చేయగలదు. రెండవవారు కూడా స్పష్టంగా రావలెనంటే ద్వారాన్ని ఎఫ్/5.6 లేదా అంతకంటె చిన్నదిగా చేయుట, లేదా ఇద్దరినీ ఒకే వరుసలో నిలుపుట అవసరం.