క్షమాపణ ఎవరి ఎదుట?

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. ఒకరి మనసు కష్టపెట్టి, ఆనక "అయ్యో, ఎందుకలా చేశానా" అని నొచ్చుకోనివాళ్ళు అరుదు. అయితే సోదరీమణులారా, మన పాటల్లో, కథల్లో ఈ నొచ్చుకోవడం ఎలా వచ్చిందో చూస్తే అన్ని పశ్చాత్తాపాలూ ఒకటి కావని తెలుస్తుంది.

మనం భజనల్లో పాడుకునే రామదాసు కీర్తన 'ఇక్ష్వాకు కులతిలక' ఉంది కదా. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటూ ఆయన రాముణ్ణి నిలదీస్తాడు. సీతమ్మకి చేయించిన చింతాకు పతకం మొదలుకొని ఒక్కొక్క నగ ఖర్చూ లెక్క చెప్పి, ఆ సొమ్ము మీ తండ్రి పెట్టాడా, మీ మామగారు పంపాడా అని దెప్పుతాడు. (ఇలాంటి దెప్పులు మన ఇళ్ళలో కొత్తేమీ కాదు లెండి.) కాని పాట ముగిసేలోగానే మెత్తబడి, దెబ్బలకు ఓర్చలేక తిట్టానయ్యా, బాధపడకు అని బతిమాలుకుంటాడు. ఎవర్ని అన్నాడో ఆయనతోనే చెప్పుకున్నాడు, అదీ విశేషం.

కర్ణుడు అలా చెయ్యలేదు. ఉద్యోగపర్వంలో, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవుల్ని పరుషంగా మాట్లాడాను, అందుకిప్పుడు కుమిలిపోతున్నాను అంటాడు. అన్నది కృష్ణుడితో. పైగా మన మాటలు గుట్టుగా ఉంచమని కోరతాడు. నిండుసభలో ఆయన చేత అనరాని మాట పడిన ద్రౌపది చెవికి ఆ పశ్చాత్తాపం చేరనే లేదు.

ఈ విషయాన్ని టాల్‌స్టాయ్ చూసినంత లోతుగా మరొకరు చూడలేదేమో అనిపిస్తుంది నాకు. ఆయన నవల 'రిసరెక్షన్' 1899లో వచ్చింది. లాయరు మిత్రుడు కోనీ చెప్పిన నిజమైన సంఘటన దానికి మూలం. నెహ్లూదొవ్ అనే జమీందారు కుర్రవాడు మేనత్తల ఇంట్లో పెరిగిన కత్యూషా అనే పిల్లను పాడుచేసి, చేతిలో నూరు రూబుళ్ళు కుక్కి వెళ్ళిపోతాడు. కడుపుతో ఉన్న ఆ పిల్ల వానలో, చీకట్లో రైలు స్టేషనుకి పరుగెత్తుతుంది. అతను ఫస్టుక్లాసు పెట్టెలో దీపం వెలుగులో నవ్వుతూ కూచుని ఉంటాడు. రైలు కదిలిపోతుంది. ఆ రాత్రితో ఆమెకు మంచిమీదా, దేవుడిమీదా నమ్మకం పోతుంది. ఏళ్ళు గడిచాక ఆమె హత్యానేరం మీద బోనులో నిలబడితే, తీర్పు చెప్పే జ్యూరీలో ఒకడు ఆ నెహ్లూదొవే!

జ్యూరీవాళ్ళు చంపే ఉద్దేశం లేదన్న ముక్క వ్రాయడం మరచిపోతారు. దాంతో ఆమెకు సైబీరియా శిక్ష పడుతుంది. నెహ్లూదొవ్ జైలుకు వెళ్ళి క్షమించమంటాడు. ఆమె అడిగింది పది రూబుళ్ళు! పెళ్ళాడతానంటే మండిపడుతుంది. ఈ లోకంలో నాతో సుఖపడ్డావు, ఇప్పుడు నన్ను అడ్డం పెట్టుకుని పైలోకంలో కూడా గట్టెక్కుదామనా అని కడిగేస్తుంది. ఏడ్చి కాళ్ళమీద పడిన మగవాణ్ణి వెంటనే చేరదీసే ఆడవాళ్ళ కథలు మనం ఎన్ని వినలేదు! కత్యూషా ఆ కోవకు చెందదు. అతనిచేత సైబీరియా దాకా నడిపించింది రచయిత ఊరికే కాదు. దారిలో తోటి ఖైదీల కష్టాలు కళ్ళారా చూసి, వాళ్ళ పనులమీద తిరుగుతూ, తన బాధను కాస్త పక్కన పెట్టడం నేర్చుకుంటాడు.

ఆఖరికి ఆమె శిక్ష తగ్గించిన కాగితం అతనే తెస్తాడు. ఆమె మాత్రం సిమన్‌సన్ అనే మరో ఖైదీతో ఉండిపోతానంటుంది. నెహ్లూదొవ్ మీద ప్రేమ లేక కాదు, అతని బతుకు పాడుచెయ్యడం ఇష్టంలేక. విడిపోయే వేళ "క్షమించండి" అని మెల్లగా అన్నది ఆమే.