మీకు తెలుసా? మొసలికి బల్లి కన్నా కోడే దగ్గరి చుట్టం!

పొలుసుల ఒళ్లు, నేలబారు నడక చూసి మొసలిని బల్లితో కలిపేస్తాం. కానీ పోలిక వేరు, చుట్టరికం వేరు. మొసళ్లు, పక్షులు ఒకే మూలం నుంచి సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి; బల్లుల శాఖ అంతకన్నా ముందే వేరుపడింది. మొసలి గుండెకు పక్షి గుండెలాగే నాలుగు గదులు, బల్లికి మూడే. నాలుగు గదులు మనకూ ఉన్నాయి కదా అంటారా? న్యాయమైన ప్రశ్నే. అందుకే ఒక్క అవయవాన్ని నమ్ముకుని వంశవృక్షం గీయకూడదు. డీఎన్ఏను పోల్చి చూసినా మొసలి పక్షుల పక్కనే నిలిచింది. మరి ఆ పొలుసుల సంగతేమిటి? కోడి కాలిని దగ్గరగా చూడండి, పెంకులు పేర్చినట్టు వరసగా పొలుసులే! పిల్లల్ని కాచుకోవడంలోనూ మొసలిది పక్షి తీరే: గుడ్డులోంచి పిల్లలు కూస్తే, కాపలా ఉన్న తల్లి మొసలి వచ్చి గూడు తవ్వుతుంది.