లాటినో పురుషులు, బాలురు: పరిశోధన దృక్పథాలు – ప్రభుత్వ విధానాలు

1. ఉపోద్ఘాతం

2020 జనగణన ప్రకారం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో లాటినోల సంఖ్య 6.21 కోట్లు, మొత్తం జనాభాలో ఇది 18.7 శాతం. ఈ సముదాయంలోని పురుషులను గురించిన చర్చ చాలాకాలం ‘మాచిస్మో’ అనే భావన చుట్టూ తిరిగింది. పురుషాహంకార సంస్కృతే వారి వెనుకబాటుకు మూలమన్నది ఆ వాదసారాంశం. లోపం మనుషులలో ఉన్నదనుకుంటే వారిని సంస్కరించే పథకాలు పుడతాయి. వ్యవస్థలలో ఉన్నదనుకుంటే వ్యవస్థలను సవరించవలసి వస్తుంది. పరిశోధన దృక్పథానికి, విధానానికి గల ఈ సంబంధాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. సంస్కృతి నుండి వ్యవస్థ వైపు

మాథ్యూ గుట్‌మన్ మెక్సికో నగరంలోని ఒక శ్రామికవాడలో క్షేత్రపరిశోధన చేసి 1996లో గ్రంథం వెలువరించారు. పిల్లల పెంపకంలో పాలుపంచుకునే తండ్రులను చూపి, లాటిన్ అమెరికా పురుషులందరూ ఒకే మూసలో ఇమడరని అందులో ప్రతిపాదించారు. విక్టర్ రియోస్ తాను పెరిగిన ఓక్‌లాండ్‌లోనే నల్లజాతి, లాటినో బాలురను పరిశీలించి 2011లో ‘పనిష్డ్’ గ్రంథాన్ని ప్రచురించారు. బడి, పోలీసు వ్యవస్థ, ప్రొబేషన్ అధికారులు కలిసి ఆ బాలుర ప్రతి కదలికనూ అనుమానంతో చూసి శిక్షించే తీరును ఆయన వివరించారు.

3. విద్య

పత్రాలు లేని వలస పిల్లలకు ఉచిత పాఠశాల విద్యను నిరాకరించరాదని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే కళాశాలకు వెళ్లే సరికి వారికి సమాఖ్య ప్రభుత్వ ఆర్థిక సహాయం అందదు. ఉన్నత విద్యలో లాటినో యువకులు తమ సముదాయంలోని యువతులకంటే వెనుకబడుతున్నారని విక్టర్ సాయెంజ్, లూయీస్ పొన్‌హువాన్ 2009లో గుర్తించారు.

4. శ్రమ, ఆరోగ్యం

అమెరికాలోని ప్రధాన జాతి సముదాయాల పురుషులలో శ్రామికశక్తి భాగస్వామ్యం లాటినోలలోనే ఎక్కువ. పని ప్రదేశాలలో సంభవించే మరణాల రేటు కూడా వారిలో జాతీయ సగటును మించి ఉంది. నిర్మాణం, వ్యవసాయం వంటి ప్రమాదకర రంగాలలో వారు అధికంగా ఉండడం ఇందుకొక కారణం. అయినా 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం పత్రాలు లేని శ్రామికులను తన పరిధిలోకి తీసుకోలేదు.

పేదరికం ఉన్నప్పటికీ లాటినోల ఆరోగ్య సూచికలు శ్వేతజాతీయులతో పోల్చదగినవిగా ఉన్నాయని 1986లో మార్కిడీస్, కోరీల్ పేర్కొన్నారు. దీనినే తరువాతివారు ‘లాటినో వైరుధ్యం’ అన్నారు. కోవిడ్ వ్యాపించిన 2020లో లాటినో పురుషుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా పడిపోయింది. ఇంటి నుండి చేయడానికి వీలులేని పనులలో అనేకులు ఉండడం ఇందుకు దోహదం చేసింది. సముదాయానికి సహజంగా ఉన్నదనుకున్న రక్షణ ఎంత పలుచనిదో ఈ పతనం వెల్లడించింది.

5. విధానం

2014 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా ‘మై బ్రదర్స్ కీపర్’ కార్యక్రమాన్ని ప్రారంభించారు. మూడవ తరగతికల్లా చదవగలగడం, ఉన్నత విద్య, ఉపాధి దాని లక్ష్యాలలో కొన్ని. బాలికలను విస్మరించిందని కింబర్లే క్రెన్‌షా తదితరులు దీనిని విమర్శించారు. మార్గదర్శకుని తోడ్పాటు ఒక బాలుని చదువును నిలబెట్టగలదు. అతనిని అనుమానించే వ్యవస్థను మార్చలేదు.

6. ముగింపు

‘లాటినో’ అన్న పదం కింద 1917 నుండి పౌరసత్వమున్న ప్యూర్టోరికోవారు, పత్రాలు లేని మధ్య అమెరికా వలసదారులు ఒకే లెక్కలోకి వస్తారు. సగటు గణాంకాలు ఈ అంతరాన్ని మరుగుపరుస్తాయి. కనుక పౌరసత్వ స్థితి, మూలదేశం, తరం అనే భేదాలను విడదీసి చూసే పరిశోధన మాత్రమే ఎవరికి ఏ రక్షణ కొరవడిందో విధానకర్తలకు చెప్పగలదు.