రంగు కాగితం నుంచి కరివేపాకు కొమ్మ దాకా

పిల్లలకు ఇష్టమైన ఒక రచయితను ఆధారం చేసుకుని ఇంటివద్ద చేయించే సృజనాత్మక పనులు ప్రధానంగా రెండు దారులు తొక్కుతాయి. మొదటి దారిలో పిల్లలు పుస్తకంలోని బొమ్మను చూసి అలాంటిదే మరొకటి తయారు చేస్తారు. రెండవ దారిలో ఆ బొమ్మను రచయిత ఏ విధంగా చేశారో, ఆ కథ దేనిని చూడటం వల్ల పుట్టిందో తెలుసుకుని, ఆ పనినే తమ చేతులతో, తమ కళ్లతో మొదటినుంచీ చేసి చూస్తారు. సాయంత్రానికల్లా గోడకు అంటించడానికి ఒక బొమ్మ సిద్ధమవుతుంది కాబట్టి పెద్దలకు మొదటిది సులువు, కానీ పిల్లల దగ్గర నిలిచిపోయేది మాత్రం రెండవదే. ఈ తేడాను తేటగా చూపగల రచయితలలో, ‘ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్’ అనే పుస్తకంతో ప్రపంచమంతటా పసిపిల్లలకు దగ్గరైన అమెరికన్ రచయిత, చిత్రకారుడు ఎరిక్ కార్ల్ ముఖ్యులు.

కార్ల్ 1929లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ పట్టణంలో, జర్మనీనుంచి వలస వచ్చిన కుటుంబంలో జన్మించారు. అక్కడి కిండర్‌గార్టెన్‌లో పెద్ద పెద్ద కాగితాలు, లావుపాటి కుంచెలు, ముదురు రంగులు చేతికి అందిన ఆనందాన్ని ఆయన జీవితాంతం తలచుకున్నారు. 1935లో కుటుంబం తిరిగి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు వెళ్లిపోవడంతో ఆ వెలుగు ఒక్కసారిగా మాయమై, బెత్తం దెబ్బల బడి ఎదురైంది. ఆ తరువాత యుద్ధం వచ్చి తండ్రిని సైన్యంలోకి తీసుకుపోయింది. అంతకు ముందు ఆ తండ్రి కొడుకును వెంటబెట్టుకుని పొలాల్లో, అడవుల్లో తిరుగుతూ, రాళ్లను ఎత్తి, చెట్ల బెరడును తొలగించి, వాటి కింద బతికే చిన్న ప్రాణులను చూపించి, చూసిన తరువాత వాటిని జాగ్రత్తగా యథాస్థానంలో ఉంచేవాడు. కార్ల్ పుస్తకాలలో గొంగళిపురుగు, సాలెపురుగు, కీచురాయి, మిణుగురు ఇన్నిసార్లు కనిపించడానికి మూలం ఆ నడకలే. హిట్లర్ ప్రభుత్వం నిషేధించిన ఆధునిక చిత్రకారుల బొమ్మల నకళ్లను ఒక చిత్రకళా ఉపాధ్యాయుడు ఆ కుర్రవాడికి రహస్యంగా చూపించడం కూడా ఆ కాలంలోనే జరిగింది. గుర్రం నీలంగా ఉండవచ్చునన్న ధైర్యం ఆయనకు ఆ బొమ్మలనుంచి వచ్చింది.

1952లో అమెరికాకు తిరిగివచ్చి, పత్రికా రంగంలోనూ ప్రకటనల రంగంలోనూ పనిచేసిన తరువాతనే కార్ల్ పిల్లల పుస్తకాలలోకి అడుగుపెట్టారు. 1969లో వెలువడిన గొంగళిపురుగు పుస్తకం ఒక కాగితాల బొత్తికి పంచింగ్ మిషన్‌తో రంధ్రాలు పొడుస్తుండగా తట్టిన ఆలోచన. ఆ రంధ్రాలు ఏదో పురుగు తొలిచినట్టు కనబడటంతో మొదట అది పుస్తకాలను తినే పురుగు కథగా మొదలై, సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్ సూచనతో గొంగళిపురుగు కథగా మారింది. వేర్వేరు వెడల్పుల పుటలు, వాటిలో రంధ్రాలు ఉన్న ఆ పుస్తకాన్ని గిట్టుబాటు ధరకు అచ్చువేయగల ముద్రాపకులు అమెరికాలో దొరకకపోవడంతో తొలి ముద్రణ జపాన్‌లో జరిగింది. ఆ చిన్న పుస్తకం ఇప్పటికి 60కి పైగా భాషలలోకి వెళ్లింది. బడిలో అడుగుపెట్టడం పసివారికి పెద్ద కుదుపు అని నమ్మిన కార్ల్, ఇంటి వెచ్చదనానికీ బడి చదువుకూ నడుమ వంతెనలా ఉండాలన్న ఉద్దేశంతో, సగం ఆటబొమ్మగా సగం పుస్తకంగా పనికివచ్చే వాటిని తయారుచేశారు. ఇంటి చదువుకు ఆయన ఇంతగా నప్పడానికి కారణం ఇదే.

ఆయన పనితీరులో మొదట తెలుసుకోదగినది కొలాజ్, అంటే కాగితం ముక్కలను కత్తిరించి ఒకదానిపై ఒకటి అతికించి బొమ్మగా కూర్చే పద్ధతి. కార్ల్ రంగు కాగితాలను కొని కత్తిరించేవారు కాదు. పల్చని తెల్లని కాగితం మీద ఆక్రిలిక్ రంగులు పూసి, తడి ఆరకముందే స్పాంజితో, తివాచీ ముక్కతో, వేళ్లతో గీతలూ చుక్కలూ తెచ్చి, ఆరబెట్టి, ఏ రంగుకు ఆ రంగు సొరుగులలో దాచుకునేవారు. కాగితం తయారైన రోజున అది ఆకు అవుతుందో ఏనుగు చెవి అవుతుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఈ పనిని చేయించేటప్పుడు ఎక్కువమంది జారవిడిచే మెట్టు ఇదే. ‘ఏం బొమ్మ వేస్తున్నావు’ అన్న ప్రశ్నను ఆ పూటకు పక్కన పెట్టి, పాత వార్తాపత్రికలు పరిచిన నేలమీద పిల్లలను కేవలం కాగితాలు తయారుచేయనివ్వాలి. గోనెసంచి ముక్క అద్దితే గళ్లు పడతాయి, పాత దువ్వెన లాగితే దుక్కిచాళ్లు వస్తాయి, కొబ్బరి పీచు రుద్దితే గడ్డి మొలుస్తుంది, అడ్డంగా కోసిన బెండకాయ ముద్రవేస్తే గదులుగదులుగా పువ్వు పూస్తుంది. గాలిపటాల కాగితం దొరికితే మంచిది, లేకపోతే ఒకవైపు రాసేసిన కాగితం చాలు. ఆక్రిలిక్ రంగు ఒకసారి ఆరితే మళ్లీ నీటికి కరగదు కాబట్టి అతికించేటప్పుడు చెదరదు. పోస్టర్ రంగులు వాడిన చోట మాత్రం మైదాపిండి ఉడికించిన జిగురును చాలా పల్చగా రాయాలి. ఆరిన కాగితాలను ఎరుపులు ఒకచోట, పచ్చలు ఒకచోట చేర్చి అట్టపెట్టెలో దాచి, రెండుమూడు రోజుల తరువాత కత్తెర చేతికి ఇస్తే, ఆ కాగితాలలో ఏది దేనికి పనికివస్తుందో పిల్లలే వెతుక్కుంటారు, ఆ వెతుకులాటలోనే చూపు పదునెక్కుతుంది.

రంగు తయారీలోనే కొంత రసాయనశాస్త్రం కూడా ఇమిడి ఉంది. పసుపు నీళ్లు పూసి ఆరబెట్టిన కాగితం మీద సున్నపు తేటతో గీత గీస్తే ఆ గీత ఎర్రబడుతుంది, దానిమీద నిమ్మరసం రాస్తే తిరిగి పసుపు రంగు తేలుతుంది. సున్నం క్షారగుణం కలది, నిమ్మరసం ఆమ్లగుణం కలది. ఆ గుణాన్ని రంగు మార్పుతో పట్టిచ్చే పసుపు వంటి పదార్థాన్ని సూచిక అంటారు. పండుగనాడు కాళ్లకు పూసే పారాణికి ఎరుపు వచ్చేదీ ఈ మార్పువల్లనే. సున్నపు తేట కళ్లలో పడకూడదు కాబట్టి ఆ గిన్నె పెద్దల చేతిలోనే ఉండాలి.

కథను పుస్తకంగా కూర్చే పనికి వస్తే, కార్ల్ పురుగు సోమవారం 1 పండు, మంగళవారం 2, ఆ విధంగా శుక్రవారానికి 5 పళ్లు తిని, శనివారం కేకు మొదలు పుచ్చకాయ దాకా 10 రకాలు మింగి, కడుపునొప్పి తెచ్చుకుని, ఆదివారం ఒక్క పచ్చని ఆకుతో కుదుటపడుతుంది. ఐదు రోజుల పళ్లనూ వరుసకు ఒకటి పెంచుతూ చింతపిక్కలతో పేర్చితే 15 పిక్కల త్రిభుజం వస్తుంది. అలాంటి త్రిభుజాన్నే మరొకదాన్ని తలకిందులుగా దానికి చేర్చితే వరుసకు 6 చొప్పున 5 వరుసల దీర్ఘచతురస్రం ఏర్పడి, 30లో సగం 15 ఎందుకు అవుతుందో ఏ సూత్రమూ చెప్పకుండానే కంటికి కనబడుతుంది. తెలుగులో ఈ కథను తిరిగి అల్లేటప్పుడు లెక్కతో పాటు వ్యాకరణం కూడా వచ్చి చేరుతుంది. ఒక అరటిపండు రెండు అరటిపళ్లు అవుతుంది, ఒక గారె మూడు గారెలవుతుంది, ఒక బొబ్బట్టు నాలుగు బొబ్బట్లవుతుంది. ఏకవచనం బహువచనమయ్యే ఈ మార్పులను తినుబండారాల పట్టికకంటే రుచిగా నేర్పగల పాఠం మరొకటి దొరకడం కష్టం. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పెరుగుతున్న తెలుగు పిల్లలలో చాలామందికి ఈ పుస్తకం ఇంగ్లీషులో ముందే పరిచయం కనుక, కథ తెలిసే ఉంటుంది, మాటలు మాత్రమే కొత్తవి. భాష నేర్పడానికి అంతకంటె అనువైన స్థితి అరుదు. శనివారం పురుగు ఏం తింటుందో నిర్ణయించే హక్కు పూర్తిగా పిల్లలదే కావాలి, అది మిరపకాయ బజ్జీ అయినా సరే.

అన్నిటికంటె విలువైన పని, తండ్రి వెంట కార్ల్ చేసినట్టు, బతికి ఉన్న పురుగును గమనించడం. కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క. ఇంగ్లీషులో లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ అని పిలిచే సీతాకోకచిలుకలు ఈ కుటుంబపు మొక్కల లేత ఆకులమీద ఒక్కొక్కటిగా లేత పసుపు గుడ్లు పెడతాయి కాబట్టి, పెరటిలోనో బాల్కనీ కుండీలోనో కరివేపాకు ఉన్న ఇంటికి ఈ పాఠం తానే నడిచి వస్తుంది. గుడ్డునుంచి వెలువడిన పురుగు మొదట గోధుమ, తెలుపు మచ్చలతో అచ్చం పిట్ట రెట్టలా ఉండి శత్రువుల కంటబడకుండా తప్పించుకుంటుంది; పలుమార్లు కుబుసం విడిచి, చివరి దశలో నున్నని ఆకుపచ్చ రంగుకు మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనకనుంచి నాగుపాము నాలుకలా చీలిన కొమ్ము బయటకు వచ్చి ఘాటైన వాసన వేస్తుంది. పల్చని గుడ్డ కట్టిన వెడల్పాటి సీసాలో రోజూ తాజా రెమ్మ ఉంచి, సీసాను శుభ్రం చేస్తూ, ఏ రోజు ఎన్ని ఆకులు ఖాళీ అయ్యాయో తేదీలవారీగా రాస్తే, సోమవారం సగం ఆకు తిన్న ప్రాణి వారం తిరిగేసరికి రెమ్మలకు రెమ్మలు ఎలా ఖాళీ చేస్తుందో ఆ పట్టికే చెబుతుంది. ఆపిల్ ముక్క పెడితే అది ముట్టదు. సీతాకోకచిలుక పురుగులు సాధారణంగా కొన్ని మొక్కలనే తిని బతుకుతాయని, వాటిని ఆహార మొక్కలంటారని పిల్లలకు ఆ ముట్టని ముక్కే బోధిస్తుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: గొంగళి అంటే ముతక ఉన్ని కంబళి, ఆ పేరుకు నిజంగా తగిన నూగు పురుగులు, ముఖ్యంగా మునగచెట్టును కమ్మేవి, ఒంటికి తగిలితే దురదపుండ్లు లేస్తాయి కనుక వాటిని ముట్టనివ్వకూడదు.

ఇక్కడ పుస్తకానికీ ప్రకృతికీ ఒక తేడా కనబడుతుంది. కార్ల్ పురుగు తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. కరివేపాకు పురుగు మాత్రం ఒక పుల్లకు తోకభాగాన్ని అతికించుకుని, నడుముకు సన్నని పట్టుపోగు చుట్టుకుని, చివరి కుబుసం విడిచి గట్టి తొడుగుగా మారిపోతుంది. ఈ దశను ప్యూపా అంటారు. దారంతో గూడు అల్లుకోవడం ఎక్కువగా చిమ్మటల లక్షణం, పట్టుపురుగు కూడా ఆ జాతిదే. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌ను చూసిన రాయలసీమ పిల్లలకు ఈ తేడాను మాటలతో వివరించవలసిన అవసరమే ఉండదు. మంచి పుస్తకంలోనూ ఒక పొరపాటు ఉండవచ్చునని, దాన్ని తమ కళ్లతో తాము పట్టుకోవచ్చునని గ్రహించిన పిల్లలు ఆ పుస్తకాన్ని మరింత ఇష్టంగా చదువుతారు. అప్పుడప్పుడు ప్యూపాలోంచి సీతాకోకచిలుకకు బదులు, లోపల పెరిగిన చిన్న కందిరీగలు బయటకు వస్తాయి. దాన్ని పిల్లలకు కనబడకుండా దాచడం తగదు, ఎందుకంటే కార్ల్ తండ్రి రాళ్లు ఎత్తి చూపించింది కూడా ఉన్నదున్నట్టుగానే.

కార్ల్ మిగతా పుస్తకాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. 1984 నాటి సాలెపురుగు పుస్తకంలో గూడు పుటమీద ఉబ్బెత్తుగా అచ్చయి వేలికి తగులుతుంది. జిగురుతో గీసి ఆరబెట్టిన గీతలతో అలాంటి పుటను కళ్లు మూసుకుని చదివేలా చేయవచ్చు. 1970లో వచ్చిన చిన్న విత్తనం కథకు, పట్టుదారాల వంటి దూదితో ఎగిరే జిల్లేడు గింజను ఫ్యాను గాలికి వదిలి, అది ఎంత దూరం పోయిందో టేపుతో కొలవడం సరిపోతుంది. జిల్లేడు పాలు కంటికి ప్రమాదం కాబట్టి ఎండి పగిలిన కాయనే తేవాలి.

ప్యూపా దశ వాతావరణాన్నిబట్టి దాదాపు ఒకటి రెండు వారాలు సాగుతుంది, ఆ రోజులలో సీసాలో కదలిక ఉండదు, పట్టికలో రాయడానికీ ఏమీ ఉండదు. పెట్టెలో దాచిన రంగు కాగితాలతో రెక్కలు కత్తిరించడానికి తగిన సమయం అదే. ఇంకా చూడని రెక్కలు ఎలా ఉంటాయో ప్రతి ఒక్కరూ తమకు తోచినట్టు కాగితంలో ఊహిస్తారు. బయటకు రావడానికి ఒక రోజు ముందు తొడుగు లోపలినుంచి రెక్కల రంగు మసకగా కనబడుతుంది. మరునాటి ఉదయం నలిగిన తడిగుడ్డలా వెలువడిన రెక్కలు, వాటి నరాలలోకి ద్రవం ఎక్కేకొద్దీ, చూస్తుండగానే విచ్చుకుంటాయి. ఆరేవరకు తాకకుండా ఆగి, సీసాను కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి గుడ్డ విప్పితే, కత్తిరించి ఉంచిన కాగితం రెక్కలను నిజమైన రెక్కల పక్కన పెట్టి పోల్చుకోవడానికి పిల్లలకు చిక్కేది కొద్ది నిమిషాలే.